ఏడు సముద్రాల సారు

నా దస్తఖత్ ఎందుకు సారూ నీకు? షెడ్డు ఊడ్చేదాని దస్తఖత్‌తోటి నీకేం పని? రెండేండ్ల సంది వస్తున్నవ్, పోతున్నవ్. ఒక్కనాడన్న నా పేరు అడిగినవా? అమ్మా మంచినీళ్ళు అన్నవ్, తెచ్చిచ్చిన. అమ్మా ఆ పెట్టె దించు అన్నవ్, దించిన. ఇయ్యాల మీర్‌పేట నుంచి ఇంత ఎండల కారు తోలుకుంట ఇబ్రహీంపట్నం దాక వచ్చి మాణిక్యమ్మగారూ అంటున్నవ్. గారు అట. నవ్వొస్తుంది నాకు.

కూసో. ఆ స్టూలు మీద కూసో, కాలొకటి ఊగుతది, జర గోడకు ఆనుకో. నేను నిలవడే మాట్లాడుత. నిన్నటిదాక మీరు, మీరు అన్న. ఇయ్యాల నువ్వనే అంట. బాధైతే ఓర్సుకో.

కాయిదం చదివి చెప్పుడు అక్కర్లేదు. నువ్వు బయట ఫోన్ మాట్లాడేటప్పుడు బల్ల మీదనే పెట్టి పోయినవ్, నేను చదువుకున్న. మంచాల ఊరి బడిల ఏడో తరగతి దాక చదివినదాన్నే. జగదీశ్వర్ అనే హెల్పర్ రాతి ముక్కల్ని ఒక వరుస ఎడమ నుంచి కుడికి, తర్వాతి వరుస కుడి నుంచి ఎడమకు పేర్చాడు, ఆ సంగతి ఎవరికీ చెప్పలేదు, అతని భార్యగా ఇది నిజమని ఒప్పుకుంటున్నాను. గంతే గదా?

జగదీశ్వర్ నా మొగడని నీకు నిన్ననే తెలిసిందట. శ్రీసుధ మేడం చెప్పిందట. పాపం ఆ పిల్ల మంచిది. కొలువుల చేరిన నెలకే నా పేరు అడిగింది, ఊరు అడిగింది, ఇంటాయన ఏం చేస్తుండె అని అడిగింది. నేను దాచలేదు. నువ్వు అడగలేదు గాబట్టి నీకు తెల్వలేదు.

మొదటి మాట నిజమే. ఆయన వరుసలు గట్లనే పెట్టిండు. ఎందుకు పెట్టిండో ఎర్కనా నీకు?

మాది చెల్క భూమి సారూ. వాన వడితె పత్తి, వడకుంటె ఉత్త దుమ్ము. పత్తి సాళ్ళల్ల గుంటుక తోలేటోడు ఎట్ల తోలుతడో ఎన్నడన్న చూసినవా? ఒక సాలు పోతడు. గట్టు కాడ ఎడ్లను మలుపుతడు. పక్క సాల్ల నుంచి తిరిగొస్తడు. మళ్ళ మలుపుతడు. ఉత్త గుంటుక భుజాన ఏసుకొని ఈ కొసకు నడిచొచ్చి ప్రతి సాలు ఈడికెళ్ళే షురూ చేసే పిచ్చోడు ఏ ఊర్లన్న ఉంటడా?

మా బోరు ఎండిపోయినప్పుడు ఆయన తాండూరు దిక్కు మీ డ్రిల్లింగుల చేరిండు. లోపటి రాయి చెరుకు గడ లెక్క గుండ్రంగ కోసుకొని బయటికొస్తుండె. దాన్ని ముక్కలు ముక్కలుగ కట్టె పెట్టెలల్ల పేర్చుడు ఆయన పని. పెట్టెకు నాలుగు అరలు, అరకు మీటరు రాయి. మొదటి అర నింపిండు. రెండోది మలిపిండు. చేతికి అలవాటైన తీరు అది. పేర్చేటప్పుడు ఆయన మీద ఎవ్వలు లేకుండె, నువ్వు వారానికొకపాలి జీపుల వస్తుంటివి.

అవ్, పుస్తకం చదివినట్టు పేర్చాలె, ప్రతి వరుస ఎడమ దిక్కు నుంచే మొదలువెట్టాలె అని ఒక పద్ధతి ఉంటది. ఆ సంగతి ఆయనకు ఎవ్వలు చెప్పిన్రు? నువ్వు చెప్పినవా? చెప్పలేదు. రైతు బిడ్డ, మలుపుతడు. ఆ ఆలోచనే నీకు రాలే.

కాని ఆయన తెలివితక్కువోడు కాదు సారూ. ప్రతి వరుస కొసకు ఎర్ర చాక్‌పీసుతోటి బాణం గీసిండు. లోతు ఎటు పెరుగుతుందో తెలిసేటట్టు. అరవై పెట్టెలు, రెండువందల నలభై బాణాలు. అవి ఏమైనయ్? ఢిల్లీ నుంచి పెద్దసార్లు వస్తున్నరని నువ్వే పెట్టెలన్నీ కడిగిపిచ్చినవ్, రంగు ఏయించినవ్, కొత్త నంబర్లు కొట్టిచ్చినవ్. ఆ కడిగినోళ్ళల్ల నేను గూడ ఉంటి. కూలికి వచ్చిన, మూడు దినాలు. బాణాలు పోతున్నయయ్యా అన్న. సారుకు అన్నీ తెలుసులే, కడుగు అన్నడు సూపర్వైజరు. కడిగిన.

ఏంది అట్ల చూస్తున్నవ్? నేను గీ రాళ్ళ ముచ్చట ఎట్ల మాట్లాడుతున్న అనా?

పెట్టెలు ఈ షెడ్డుకు వచ్చినంక ఆయనకు నౌకరి ఇక్కడనే. పగటీలి బువ్వ తీసుకొని వస్తుంటి. తిన్నంక నాకు చూపెట్టేటోడు. ఎండిన రాయిల ఏం కనవడదు, నీళ్ళు పొయ్యి అనేటోడు. చెంబుతోటి పోసి, తడి గుడ్డతోటి తుడుస్తె పొరలన్నీ లేస్తుండె. అట్టడుగున మన గుట్టల రాయే, ఇబ్రహీంపట్నంల ఏడ తవ్వినా వచ్చే రాయి. దాని మీద ఇసుక, గట్టిపడ్డ ఇసుక, అది సముద్రం ఒడ్డట. దాని మీద సున్నపు రాయి, సన్నగ అలల గీతలు, మోకాలు లోతు నీళ్ళట. దాని మీద పాచి కట్టి కట్టి పెరిగిన రాయి. క్యాబేజి గడ్డ కోస్తె ఎట్లుంటది, గట్ల. పొర మీద పొర, మొగ్గ తీరు ఉబ్బి. అప్పుడు చేప లేదట, గడ్డి లేదట, ఆ పాచే సముద్రంల గోడ కట్టిందట. అన్నిటికంటె పైన నల్లటి రాయి, లోతు నీళ్ళల్ల అడుగుకు కూసున్న బురద.

ఒక్క సముద్రం మాణిక్యా, మెల్లగ లోతైంది, గంతే అనేటోడు. ఒడ్డు మునిగింది, పాచి గోడ మునిగింది, మీదికెళ్ళి బురద కమ్మింది. పదో తరగతి తప్పినోడు. ఎట్ల తెలుసు నీకు అంటె, మొగ్గలు చూడు, ఎప్పుడు పైకే ఉబ్బుతయ్, సూర్యుని దిక్కు, అనేటోడు. మొగ్గ ఎటు ఉబ్బితె అటు ఆకాశం.

నువ్వు ఎన్ని సముద్రాలన్నవ్? ఏడు.

ఏడు మాట్లు సముద్రం వచ్చింది, ఏడు మాట్లు పోయింది అని రాసినవ్. పుస్తకమేసినవ్. శాలువలు కప్పించుకున్నవ్. ఏడు సముద్రాల గోపాలరావు సారు. ఆయన మలిపిన వరుసల్ని నువ్వు పుస్తకం లెక్క చదివినవ్. పోయిన వరుసల తెల్ల రాయి నల్లబడుకుంట పోయె, తిరిగొచ్చిన వరుస నీకు తలకిందుల వడి నల్లది తెల్లబడ్డట్టు కనవడె. సముద్రం వెనక్కి పోయిందని రాసుకున్నవ్. రంగు మారే ఏడు పెట్టెలల్ల ఏడు మాట్లు పోయింది, వచ్చింది. సముద్రం ఏడికి పోలేదు సారూ. మా ఆయన చెయ్యి మలిగింది.

ఆగు, నన్ను చెప్పనియ్యి. నీ కాయిదంల రెండో మాటకు వస్తున్న. ఎవరికీ చెప్పలేదు అని రాసినవే, దానికి.

ఆయన నీకు చెప్పిండు. ఆనాడు నేను గిన్నె పట్టుకొని ఆ తలుపు కాడనే నిలవడ్డ. మూడో వరుస మీద నువ్వు భూతద్దం పెట్టి వంగి చూస్తున్నవ్. ఆయన చేతులు కట్టుకొని, సార్, రెండో వరుస తిరిగొస్తది సార్, అన్నడు. నువ్వు తల ఎత్తలేదు. మళ్ళ చెప్పిండు. మొగ్గలు కిందికి చూస్తున్నయ్ గదా సార్, ఒక్కపాలి నీళ్ళు పోసి చూడుండ్రి అన్నడు.

గప్పుడు నువ్వు లేచి అందరి ముందు ఏమన్నవో యాదికున్నదా? "రాళ్ళు మోసేవాడివి, మోయి. చదవడానికి నేనున్నాను."

యాదికి లేదా. నాకున్నది. ఆయనకు సచ్చేదాక ఉండె.

మొగ్గలు కిందికి చూస్తున్నయంటె ముక్కలు తిరగేసి పెట్టినవన్నమాట అని ఆయన మీదికే తిప్పినవ్. ఏది నిజం చెప్తున్నదో దాన్నే ఆయన తప్పు కింద రాసుకున్నవ్. తర్వాత ఏడు సముద్రాలంటె ఏడు సున్నపు గోడలుంటయని సిమెంటు కంపినోళ్ళకు చెప్పినవ్. నీ మాట నమ్మి పక్కన ఇంకో బోరేసిన్రు. ఏముండె అండ్ల? ఒక్క గోడ, దాని మీద నల్ల బురద రాయి. పెద్దోళ్ళు గట్టిగ అడిగేవరకు నీకు మా ఆయన యాదికొచ్చిండు. పెట్టెలు తారుమారు చేసిండు, హెల్పర్ నిర్లక్ష్యం అని రాసిచ్చినవ్. వారంల నౌకరి పాయె.

నీ పుస్తకం పోలేదు. నీ శాలువ పోలేదు. మంచి పెట్టెలల్ల చదివినంత వరకు సారుది కరెక్టే, తారుమారు చేసినోడిది తప్పు అన్నరు. ఎద్దు పుండు నొప్పి కాకికేం తెలుసు.

నౌకరి పోయినందుకు ఏడ్వలేదు సారూ ఆయన. మా దిక్కు నౌకర్లు వస్తయ్, పోతయ్. వరుస తప్పిండన్నందుకు ఏడ్చిండు. ఇంట్ల చెప్పులు గూడ వరుసగ ఇడిచే మనిషి. విత్తనం గింజ గింజకు జానెడు కొలిచి పెట్టే మనిషి. ఊర్లె బుగ్గయ్య మామ నవ్వుకుంట, రాళ్ళు ఎటు పెడితె ఏందిరా, రాళ్ళకేమన్న పేర్లుంటయా అన్నడట. ఆనాడు బువ్వ తినలే. పేర్లుంటయ్ మాణిక్యా అన్నడు నాతోటి. గంతే అన్నడు.

తర్వాత కంకర మిషన్ల చేరిండు. ఇంకేం పని దొరుకుతది? రాళ్ళు వరుసగ పేర్చిన చేతులతోటి రాళ్ళు పిండి కొట్టుడు. నాలుగేండ్లు. దుమ్ము, సారూ. పొద్దున తెల్లగ పోయేటోడు, పొద్దుగూకి ఇంకా తెల్లగ వచ్చేటోడు. దగ్గు షురువైంది. టీబీ అన్నరు, మందులు మింగిండు. కాదన్నరు. పెద్ద దవాఖానల ఎక్సరే తీసి రాతి దుమ్ము అన్నరు, ఊపిరితిత్తులల్ల పొరలు పొరలుగ పేరుకున్నది, ఇగ కడగరాదు అన్నరు. ఆయన ఆ ఫోటో వెలుతురుకు పట్టుకొని మస్తు సేపు చూసిండు. డాక్టరుకు సమజ్ కాలే ఎందుకట్ల చూస్తుండో. నాకైంది.

నిన్ను తిట్టలేదు. అదే నాకు మంట. పండుకున్న మంచంల గూడ, సారు ఒక్కపాలి నీళ్ళు పోసి చూస్తె తెలుస్తుండె అనేటోడు. నీ మీద కోపం లేదు ఆయనకు. ఆ కోపమంత నాకు ఇచ్చిపోయిండు.

మూడేండ్లైంది ఆయన పోయి. ఏడాది తిరిగినంక కాంట్రాక్టరు కాళ్ళు పట్టుకొని ఈ షెడ్డుల చేరిన. ఊడ్చుడు, తుడుసుడు, తాళం. కూలి తక్కువ, బస్సుకే సగం పోతది, నీకేం పిచ్చే అన్నది మా ఆడిబిడ్డ. పిచ్చే. నువ్వు వస్తవని ఎర్క. ఎప్పటికన్న ఈ పెట్టెల కాడికి నువ్వు రావాలె.

ఏం చెయ్యాలెనో మొదట తెల్వదు. నువ్వు తాగే నీళ్ళల్ల ఉమ్ముదామా అనుకున్న. ఒకనాడు ఉమ్మిన గూడ. తాగినవ్. నాకేం సల్లగ కాలే.

తర్వాత శ్రీసుధ మేడం వచ్చింది. కొత్త బోరు ఏయించింది, పాత దాని పక్కనే ఇరవై అడుగుల దూరంల. ముక్కలు పేర్చేకాడ తనే ఎండల నిలవడ్డది. ఒక్క సముద్రం వచ్చింది. పిల్ల పరేషానైంది. పెద్దసారు ఏడు అన్నడు, నాకు ఒక్కటే వస్తున్నది, నేనేమన్న తప్పు చేసిన్నా అని నన్నే అడిగింది. నేను చీపురు అందుకొని ఊడ్చుకుంట పోయిన. పైకి రాసింది. ఎల్లుండి కమిటీ వస్తున్నది, పాత పెట్టెలు విప్పి చూస్తరు. అంతే గదా నీ ఫికర్?

మొన్న కొత్త బోరు ఫోటోలు చూసినంక నీకు సమజైందట. రాత్రంత కాయిదాలు ముంగటేసుకొని కూసున్నవట. మలుపు దొరికిందట. అప్పటి పెట్టెల ఫోటోలు లేవాయె, ముక్కల ఫోటోలే తీసుకుంటివి, పెట్టెలవి తియ్యాలంటె ఎండల నిలవడాలె గదా. అందుకే ఈడికి వచ్చినవ్. పెట్టెలు విప్పి కమిటీకి చూపెట్టి, చూడుండ్రి, పేర్చినోడు మలిపి పేర్చిండు, నేను సీదగ చదివిన, ఎవరైనా పొరపాటు పడుతరు అంటవ్. వాళ్ళు అవ్ నిజమే అంటరు. పాపం గోపాలరావుగారు, మనిషన్నంక పొరపాటు అంటరు. నీ పేరు నిలవడుతది. ఆయన పేరే మళ్ళ కింద వడుతది. చెప్పనోడు, ఎవరికీ చెప్పనోడు.

పొరపాటే సారూ. నాకెర్కనే. నువ్వు దొంగలెక్కలు రాసినోనివి కాదు. కావాల్నని ఏడు చెయ్యలేదు. కన్ను తప్పింది, చెవి మూసుకున్నవ్. అబద్ధమాడింది ఆయన మీద రాసినప్పుడు, మళ్ళ ఇప్పుడు. నడుమ ఉన్నదంత నిజమైన పొరపాటే. కమిటీ ముందు నిలవడి ఈ మాట నేనే చెప్త అనుకో. నువ్వు బతుకుతవ్.

ఏంది? కొట్టేస్తవా? ఆ లైను కొట్టేస్తవా? జగదీశ్వర్ నాకు చెప్పాడు, నేనే వినలేదు అని రాస్తవా?

రాయి.

ఇగో, పెన్ను కిందవడ్డది. రాయి సారూ, నేను చూస్తున్న.

రాసినవా. ఏడేండ్లకు రాసినవ్. అక్షరాలు మంచిగున్నయ్. ఈ రెండు మాటలు ఆయన మంచంల ఉన్నప్పుడు తెచ్చిస్తె నీ కాళ్ళకు మొక్కుతుంటి. ఉట్టి మాట కాదు, నిజంగనే మొక్కుతుంటి.

దస్తఖత్ చెయ్య. ఎందుకా? తాళం ఇస్త, పోయి నీ కండ్లతోటి చూసుకో. ఏ పెట్టెనైనా విప్పు. పద్నాలుగో నంబరు విప్పు, నీ మూడో సముద్రం అండ్లనే గదా ఉన్నది.

రెండో వరుస చూడు. నీళ్ళు కావాల్నా? చెంబు ఆడ ఉన్నది. పొయ్యి.

మొగ్గలు ఎటు ఉబ్బినయ్?

అవ్. మొదటి వరుసల ఎటున్నయో రెండో దాంట్ల గూడ అటే. మూడో దాంట్ల అటే. నాలుగో దాంట్ల అటే. ఇంకోటి విప్పు, అరవై విప్పుకో. అన్నీ ఎడమ నుంచి కుడికే, నీ పుస్తకం లెక్కనే. మలుపు ఏడ లేదు.

నేనే. ఎనిమిది నెలలు పట్టింది. కమిటీ ముచ్చట మేడం నోట మొదటిసారి విన్ననాడే షురూ చేసిన. పొద్దున్నే వచ్చి, ఊడ్చుడు అయినంక, గోనె సంచి పరిచి ఒక వరుస ముక్కలు తీసేదాన్ని. కొస నుంచి కొసకు, ఒక్క ముక్క అటిటు కాకుండ. విరిగినకాడ పంటికి పన్ను కూసున్నట్టు కూసోవాలె, లేకుంటె దొరికిపోత. మొగ్గ చూసుకుంట తిప్పి పెట్టేదాన్ని. దినానికి ఒకటి, రెండు వరుసలు. నడుము పోయింది. పెట్టెకు రెండు లెక్కన నూటఇరవై వరుసలు మలిపిన.

ఎల్లుండి వాళ్ళు వచ్చి విప్పుతరు. ఒక్క సముద్రం కనవడుతది, సీదగ, చిన్నపోరగాడు గూడ చదివేటట్టు. మరి ఈయన ఏడు ఎట్ల రాసిండు అని అడుగుతరు. హెల్పర్ మలిపిండని నువ్వంటవ్. ఏడ మలిపిండు, చూపెట్టు అంటరు. కండ్ల ముందర ఒక్కటుంటె ఏడు రాసినోన్ని పొరపాటు వడ్డడు అనరు సారూ. అబద్ధమాడిండు అంటరు.

నేను తిప్పిన అని చెప్తవా? చెప్పు. సచ్చినోని మీద ఒకపాలి ఏసిండు, ఇప్పుడు ఊడ్చే ముసల్దాని మీద ఏస్తుండు అనుకుంటరు. రాళ్ళు ఎటు పెట్టాల్నో ఊడ్చేదానికి ఎట్ల తెలుస్తది అని నవ్వుతరు.

అన్యాయమే. తప్పు చెయ్యనోన్ని నువ్వు తప్పు చేసినోన్ని చేసినవ్. పొరపాటు వడ్డోన్ని నేను దొంగను చేసిన. కుక్క కాటుకు చెప్పు దెబ్బ అంటరు, గాని ఇది చెప్పు దెబ్బ గూడ కాదు, నీ కాటే నీకిచ్చిన. ఆయన ఉంటె ఒప్పుకోకపోతుండె. నా మొఖం గూడ చూడకపోతుండె.

సంతోషమున్నదా అని అడుగుతున్నవా? నీ మొఖం చూస్తె ఉన్నది. దాచుకోను. ఏడేండ్లల్ల ఇయ్యాలనే కడుపు నిండింది.

ఒక్కటే. ఇంట్ల ఆయనవి బట్టలు ఇచ్చేసిన, మంచం అమ్మేసిన, భూమి కౌలుకిచ్చిన. ఆయన చెయ్యి మలిపింది మలిపినట్టు ఈ లోకంల ఇంకా ఉండెనంటె ఈ నూటఇరవై వరుసలే. పొద్దున వచ్చి తడి గుడ్డతోటి తుడుస్తుంటె, ఈడ మలిపిండు, ఈడ ఆగిండు అని చేతికి తెలుస్తుండె. నిన్ను ముంచాలంటె అవి ఉండొద్దు.

ఆఖరి వరుస పోయిన శుక్రవారం తిప్పిన.